కొండ గుర్తు దాటాక దిక్కేది?

ఏటా జూన్ 14తో తూర్పు తీరంలో మోటారు పడవల వేట నిషేధం ముగుస్తుంది. రెండు నెలలు ఒడ్డున ఉన్న పడవలకు రంగులు వేసుకుని, వలలు బాగుచేసుకుని, ఇంజన్లు సరిచూసుకునే రోజులవి. ఆ రోజుల్లో శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాలవారు కొనదలచే సామానులో అరచేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం కూడా ఉంటున్నది. మంచి ఆలోచనే. అయితే మొదటిసారి కొనేవారు తక్కువ ధరో, రంగుల తెరో చూసి కొంటే నడిసముద్రంలో చిక్కులు తప్పవు.

తాతల కాలం నుంచి వేటకు వెళ్లేవారికి కొండ గుర్తులే దారి. ఒడ్డునున్న కొండ, కళింగపట్నం దీపస్తంభం వంటి రెండు గుర్తులు ఒక వరసలోకి వస్తే ఫలానా చోట ఉన్నామని లెక్క. ఈ విద్య ఇప్పటికీ విలువైనదే. కాని పడవకు ఇంజను వచ్చి, వేట దూరమైన తరువాత కొండ కనబడని చోటికి వెళ్లక తప్పడం లేదు. మంచు కమ్మిన వేకువనా, ముసురు పట్టిన రాత్రీ గుర్తులు అక్కరకు రావు. అలాంటి చోట జీపీఎస్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, పడవ ఉన్న చోటును కొద్ది మీటర్ల తేడాతో చెబుతుంది. దీనికి సెల్ టవరుతో పని లేదు, నెలనెలా కట్టవలసిన డబ్బూ లేదు.

సెల్‌ఫోనులోనే ఉన్నది కదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఉన్న మాట నిజమే. కాని తడి చేతులకు ఆ అద్దం లొంగదు, ఎండలో అక్షరం కనిపించదు, రాత్రీ పగలూ వాడితే చార్జింగు నిలవదు.

మొదటి యంత్రానికి నాలుగు గుణాలు ముఖ్యం. బొత్తాలతో పనిచేసేది కావాలి. కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్లులతో నడిచేదైతే మేలు. ఒక జత అదనంగా పాలిథిన్ సంచిలో కట్టి ఉంచుకోవచ్చు. ఎండలో తెర చదవగలమో లేదో దుకాణం బయటకు తెచ్చి చూసుకోవాలి. నీటికి తట్టుకునేదై ఉండాలి. ఐపీఎక్స్ 7 అనే గుర్తు ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా పాడుకాదని అర్థం. అది ఉప్పునీటికి ఇచ్చే హామీ కాదు కనుక ఇంటికి వచ్చాక మంచినీటితో కడిగి తుడవాలి. నీటిలో తేలే రకం కాకపోతే తాడుతో కట్టుకోవాలి.

అంకెల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అక్షాంశ రేఖాంశాలతో ప్రకటిస్తుంది. ఆ అంకెలు ఏ పద్ధతిలో ఇచ్చారో యంత్రంలోనూ అదే పద్ధతి పెట్టుకోవాలి. 18 డిగ్రీల 30 నిమిషాలూ, 18.30 డిగ్రీలూ ఒకటి కాదు. రెండవదానికి అర్థం 18 డిగ్రీల 18 నిమిషాలు. తేడా 12 నిమిషాలు, అంటే 12 నాటికల్ మైళ్లు, 22 కిలోమీటర్ల పైమాట. ఆపదలో ఉన్న పడవ తన చోటును ఇలా తప్పు చెబితే రక్షించవచ్చినవారు వేరే చోట వెతుకుతారు.

యంత్రం చేయలేనివీ తెలియాలి. ఒడ్డుకు తిన్నగా గీత చూపుతుంది గాని, ఆ గీత మీద రాళ్లున్నాయో, నాగావళి, వంశధార ముఖద్వారాల దగ్గర ఇసుక మేట వేసిందో చెప్పదు. సామాన్య రకాలలో పడవ కదులుతుంటేనే దిక్కు బాణం సరిగా చూపుతుంది. అందుకే పాత దిక్సూచిని పారేయరాదు.

సరిహద్దు సంగతీ అంతే. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనిచేస్తున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకున్నది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద విడుదలయ్యేదాకా ఏడాదికి పైగా జైలులో మగ్గారు. కూలికి వెళ్లే కళాసీకి బోటు ఎటు పోతున్నదో తెలియదు. తన జేబులో ఒక యంత్రం ఉంటే అడగడానికైనా ఆధారం ఉంటుంది. కాని సరిహద్దు గీతను ముందుగా అందులో గుర్తు పెట్టుకోకపోతే, దాటినప్పుడు అది హెచ్చరించకపోవచ్చు.

విదేశాలనుంచి బంధువులు తెచ్చే యంత్రాల విషయంలోనూ మెలకువ కావాలి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే రకాలను కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. తుపాను హెచ్చరికలు అందుకోవడానికి 2019లో విడుదలైన జెమిని పరికరం ఉంది. అది వార్త అందుకుంటుందే గాని పంపదు. ఆపద కబురు పంపడానికి ఇస్రో రూపొందించిన పరికరం వేరుగా ఉంది. తీర రక్షక దళం నంబరు 1554 ప్రతి ఇంట్లోనూ గోడమీద రాసి ఉంచాలి.

యంత్రంతో వచ్చే పుస్తకం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. చదువు అంతంతమాత్రంగా ఉన్న సరంగుకు అది ఉన్నా లేనట్లే. వేట నిషేధపు రోజుల్లో మత్స్యశాఖ, మత్స్యకార సహకార సంఘాలు ఊరూరా ఒక్క పూట తెలుగులో నేర్పిస్తే చాలు. బయలుదేరే ముందు రేవును గుర్తు పెట్టడం, వచ్చిన దారినే తిరిగి పోవడం, ఉన్న చోటు అంకెలు చదివి చెప్పడం, ఈ మూడూ పడవలో ఒక్కరికి కాదు, కనీసం ఇద్దరికి రావాలి. నేర్చినవాడే జబ్బుపడితే యంత్రం ఉండీ ఏం లాభం? కొనడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా నేర్చుకోవడానికి పెట్టడం మత్స్యకారులకూ, నేర్పించడం అధికారులకూ తక్షణ కర్తవ్యం.