వందలో పదిమంది

బడుల్లో ట్యాబ్‌ల మీద నడుస్తున్న వాదన వినీ వినీ విసుగొచ్చింది. పంచినవాళ్లు విప్లవమంటారు. తిట్టేవాళ్లు దుబారా అంటారు. ఎన్ని పంచామో ఒకరు లెక్క చెబితే, ఎన్ని మూలనపడ్డాయో ఇంకొకరు లెక్క తీస్తారు. ట్యాబ్ పట్టుకున్న పిల్లాడికి అందులో ఉన్నది చదవడం వచ్చా అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగరు.

ఈ మొత్తం గొడవలో నాకు పనికొచ్చేదిగా కనిపించిన అంకె ఒక్కటే. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 10.3 శాతం. వందలో పదిమంది. 2018లో ఇది 22.6. మధ్యలో కోవిడ్ దెబ్బ ఉంది, ఒప్పుకుందాం. కానీ ఆ 22.6 మాత్రం ఏం ఘనకార్యం? తెలంగాణను చూసి ఊరట పడదామంటే 2022లో అక్కడ 5.2. అదే ఏడాది డిసెంబరు 21న, ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఖర్చు 686 కోట్లన్నారు. నెల తిరక్కముందే అసర్ నివేదిక బయటికొచ్చింది. పంపిణీ ఫొటోలు గుర్తున్నంతగా ఆ నివేదిక ఎవరికైనా గుర్తుందా?

మూడో తరగతి లెక్కకూ ఎనిమిదో తరగతి ట్యాబ్‌కూ సంబంధమేమిటని కొందరు తెలివిగా అడుగుతారు. మూడులో చదవలేని పిల్లాడే అయిదేళ్లకు ఎనిమిదిలో కూర్చుంటాడు, అదీ సంబంధం. మన దగ్గర ఫెయిలవడం లేదు కదా, నడుచుకుంటూ వచ్చేస్తాడు.

ఈ మధ్య ఓ జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లాను. గోడకి పెద్ద తెర. దాని మీద ఆకును అడ్డంగా కోసి, లోపలి కణాలను రంగురంగుల్లో చూపిస్తున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆఖరి బెంచీ కుర్రాడి చేతికి వాళ్ల చెల్లి రెండో తరగతి వాచకం ఇచ్చి చదవమన్నాను. ‘వర్షం’ దగ్గర ఆగిపోయాడు. వ, ర అన్నాడు, వత్తు దగ్గర నా మొహం చూశాడు. అదే కుర్రాడు ట్యాబ్‌కి వేసిన తాళం ఎలా తీయాలో, గేమ్‌లు ఎక్కడ దొరుకుతాయో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. పిల్లలకు టెక్నాలజీ నేర్పాలి అనేవాళ్లు ఒకసారి వాడి దగ్గర ట్యూషన్ పెట్టించుకోవాలి.

యంత్రమే దండగ అని నేను అనడం లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో నల్లబల్ల మీద సుద్దముక్కతో చెప్పడం కంటే వీడియోలో చూపడం మేలే. ఢిల్లీలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం అంతకంటే పెద్ద సంగతే చెప్పింది. బడి వేళల తర్వాత కంప్యూటర్ మీద నేర్చుకున్న పిల్లలు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో బాగా ముందుకెళ్లారు. మన టెక్నాలజీ భక్తులు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. ఆ పిల్లలు మొదట ఎక్కడున్నారో కూడా అందులోనే ఉంది. లెక్కల్లో ఆరో తరగతివాళ్లు సగటున రెండున్నర తరగతులు వెనక, తొమ్మిదో తరగతివాళ్లు నాలుగున్నర తరగతులు వెనక. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లాడు ఏ తరగతి అని చూడలేదు, ఎక్కడ ఆగిపోయాడో పట్టుకుని అక్కణ్నుంచి మొదలుపెట్టింది. పక్కన చిన్న గుంపులకు చెప్పేందుకు మనిషీ ఉన్నాడు. మనం ఇచ్చిన ట్యాబ్‌లో ఉన్నది ఎనిమిదో తరగతి సిలబస్. వందలో పదిమంది లెక్క తెలిసినవాడెవడైనా అలా నింపుతాడా?

ఊరికే పంచితే ఏమవుతుందో పెరూ ఎప్పుడో చూపించింది. పల్లె బడుల్లో పిల్లాడికో ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 బడుల్లో పరీక్షించి చూస్తే లెక్కల్లోనూ, భాషలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇదేమీ రహస్యం కాదు, మనవాళ్లు టెండరు పిలవడానికి చాలా ఏళ్ల ముందే అచ్చయింది.

ఇక మన టీచరు సంగతి. టెక్నాలజీ అనగానే ఆయనకు ముందు గుర్తొచ్చేది మొహం చూపించి వేసే హాజరు, ఆ తర్వాత యాప్‌లో పెట్టాల్సివచ్చిన మరుగుదొడ్డి ఫొటో. గుణింతాలు దిద్దించాల్సిన పొద్దు యాప్‌లో ఫొటో ఎక్కేదాకా సిగ్నల్ కోసం చెట్టు కింద గడిచిపోయేది. ఆంధ్రప్రదేశ్‌లో బడికి చేరిన మొదటి డిజిటల్ విప్లవం అదే.

ఇప్పుడు పాట మారింది, ట్యాబ్ పోయి ఏఐ వచ్చింది. తెలంగాణ 2025లో కొన్ని బడుల్లో చిన్న తరగతులవాళ్లకు చదవడం, లెక్కలు నేర్పడానికే దాన్ని పెట్టింది. కనీసం నొప్పి ఉన్నచోటే మందు రాశారు, ఫలితం చూద్దాం. మిగతా ప్రసంగాల్లో ఏఐ అన్న మాట ఉంది, చదవడం అన్న మాట లేదు. తర్వాతి కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టబోయే మంత్రిగారు, ఏ పార్టీ అయినా సరే, ముందొక పని చేయాలి. ఒక్కో మండలంలో మూడో తరగతి పిల్లలు ఎందరున్నారో, వాళ్లలో ఎందరు రెండో తరగతి వాచకం చదవగలరో అక్కడి ప్రతి బడి గేటు మీద పెద్దక్షరాలతో రాయించాలి. పైన తన ఫొటో కూడా వేయించుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు.