గాలం కట్టెకు రీల్ సీటు ఏది పెట్టాలి?

ఎండాకాలం సెలవుల్లో మన పిల్లల చేత గాలం కట్టెలు చేయించాలని పోయిన మీటింగులో అనుకున్నాం కదా. వెదురు గురించి, దారం గురించి అందరూ బాగా మాట్లాడారు. రీల్ సీటు మాటకొచ్చేసరికి "ప్లాస్టిక్‌ది చౌక, డజను తెప్పిద్దాం" అని రెండు నిమిషాల్లో ముగించేశారు. నాకది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. సంఘం డబ్బు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ళకు చెప్తాను. రీల్‌కు కింద ఒక పాదం ఉంటుంది. దాన్ని కట్టె పిడికి అదిమి పట్టుకునేదే రీల్ సీటు. ఒకవైపు కదలని టోపీ, రెండోవైపు మరల మీద తిరిగే నట్టు. మా తమిళ స్కూల్లో తూండిల్ అనేవాళ్ళం, ఆ మామూలు గాలానికి ఇదంతా అక్కర్లేదు, కొసన దారం కడితే చాలు. రీల్ పెట్టామంటే మాత్రం చేప గుంజినప్పుడు దాన్ని కదలకుండా పట్టేది ఈ నాలుగైదు అంగుళాలే. అది వదిలేస్తే చెరువులో పడేది రీల్. సీటు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది దాని ధర.

ప్లాస్టిక్ అంతా ఒకటే అనను. గ్లాసు నారో కార్బన్ నారో కలిపిన గట్టి నైలాన్ సీట్లు ఉన్నాయి. తేలిక, తుప్పు పట్టవు, వాటిని తప్పు పట్టను. మనం డజను లెక్కన చూసినవి అవి కావు, ఉత్త ప్లాస్టిక్. మన ఎండ సంగతి మీకు చెప్పాలా? ఆ ఎండను నమ్ముకునే కదా తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు! మిద్దె మీద వదిలేసిన ప్లాస్టిక్ బకెట్ ఎలా పెళుసై విరుగుతుందో అందరం చూశాం. సన్నటి మరలు దానికంటే ముందే రాలిపోతాయి.

రాలితే మార్చుకోవచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. అక్కడే ఉంది చిక్కు. సీటును వెదురు మీదికి తొడిగి అరాల్డైట్ లాంటి గట్టి జిగురుతో అతికిస్తాం. ఊడదీయాలంటే కోయాలి, లేదా వేడి చేయాలి. వేడికి వెదురు పాడవుతుంది. పది రూపాయల మర పోయిందని పిల్లవాడు నెల రోజులు చేసిన కట్టె మూలన పడుతుంది. కాబట్టి ఎన్నేళ్ళు నిలుస్తుంది అన్నది ఒక్కటే చూస్తే చాలదు. చెడిపోతే పావగడలోనే బాగుచేయగలమా అన్నది కూడా చూడాలి.

అల్యూమినియం మంచిదే, అనోడైజ్ చేసినదైతే ఇంకా మంచిది. కానీ చెరువు కట్ట మీది ఇసుక దుమ్ము మరల్లో దూరితే నట్టు బిగుసుకుపోతుంది. పిల్లలు కటింగ్ ప్లేయరుతో తిప్పుతారు, మర అరిగిపోతుంది. రోజూ కడిగి తుడిచే పెద్దవాళ్ళకైతే సరే.

నా ఓటు చింత చేవకు. వెదురు కట్టెలకు చెక్క సీటు కొత్త సంగతేమీ కాదు. చైనా టోంకిన్ వెదురు రాకముందు అమెరికావాళ్ళు గాలం కట్టెలు చీల్చి అతికించింది కల్కత్తా కేన్ అనే మన దేశపు వెదురుతోనే. ఆ పాతకాలపు కట్టెలకు చెక్క పిడి మీద రెండు లోహపు ఉంగరాలు పెట్టేవాళ్ళు, ఒకటి కదలనిది, ఇంకోటి జరిగేది. మరే లేదు, ఇక అరిగేదేముంది? మన చెరువుల్లో జిలేబి చేపలకు ఇది ధారాళంగా చాలు. ఐదు కిలోల కట్ల పట్టాలనే ఆశ ఉన్నవాళ్ళు మర సీటే పెట్టుకోండి.

చింతలో పైనున్న తెల్లచెక్క వద్దు, పురుగు పడుతుంది. ముసలి చెట్టు నడుమ ఉండే నల్లటి చేవే కావాలి. కట్టెల డిపోలో ముక్కలు దొరుకుతాయి, నీడలో బాగా ఆరనివ్వాలి. లేకపోతే నల్లతుమ్మ చేవ, మన బండి చక్రాలు మోసిన చెక్క అది. టేకు కూడా నిలుస్తుంది. రైల్వేలో నేను గుమాస్తానే, ఫిట్టర్ని కాను, అయినా పాత బోగీల టేకు కిటికీలు, ఇత్తడి గొళ్ళాలు ఎన్నేళ్ళు పనిచేశాయో కళ్ళారా చూశాను. ఒక్కటే, టేకులో నూనె ఉంటుంది. థిన్నర్‌తో తుడవకపోతే జిగురు పట్టదు.

ఏ చెక్కయినా రంధ్రం లోపల, రెండు కొసల్లో అవిసె నూనెగానీ వార్నిష్‌గానీ తాగించాలి. నీళ్ళు లాగేది అక్కడినుంచే. ఉబ్బితే ఉంగరం జరగదు. వెదురు సన్నబడే చోట దారం చుట్టి సందు పూడ్చి అతికించండి.

ఉంగరాలకు ఇత్తడి. అల్యూమినియం కంటే మూడింతల బరువే, కానీ రెండు చిన్న ఉంగరాలకు ఎంత బరువు తేలుతుంది? నల్లబడితే తోమడానికి చింతపండు ఎలాగూ ఇంట్లోనే ఉంది. పైసలున్నవాళ్ళు జర్మన్ సిల్వర్ పెట్టించుకోవచ్చు. అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు అంతే, ఎవరూ మోసపోకండి.

లేతు మిషను ఉన్నవాళ్ళ చేత ఒక జత ఉంగరాలు చేయించి ధర కనుక్కుంటాను. డజను ఆర్డరు అంతవరకు ఆపమని సెక్రటరీ గారికి మనవి. ఇంకోటి, చెరువును చేపలకు గుత్తకు తీసుకున్నవాళ్ళను ముందుగా అడగాలి. ఆ పని ఎవరు చూస్తారో కింద రాయండి.