కొలువు మానవలెనా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతములయందు పగలు కొలువుచేసి రాత్రి ‘క్యాట్’ పరీక్షకు చదువు యువజనులు కలరు. కొలువు మానుమని తలిదండ్రులు పోరుదురు. శిక్షణ రుసుమునకై పొలము తాకట్టుపెట్టువారును లేకపోలేదు! ఇది మాకు సమ్మతము గాదు. 2020 నుండి ఈ పరీక్ష రెండు గంటలది: ఆంగ్లపఠనము, తర్కము, గణితము, ఒక్కొక్కదానికి 40 నిమిషములు. ఇందు గ్రంథభారము స్వల్పము, వలసినది నిత్యాభ్యాసము. వేకువను రెండు గంటలు చాలును. పైగా పెక్కు ఐ.ఐ.ఎం.లు ఎంపికలో ఉద్యోగానుభవమును గణించుచున్నవి. సీటు దొరకినవారికి బ్యాంకులు తాకట్టులేకయే ఋణమిచ్చుచున్నవి. పొలము జోలికేల పోవలయును?

యాజమాన్యములకును మా మనవి యొకటి. పరీక్ష కొన్నేండ్లుగా నవంబరు కడపటి యాదివారమున జరుగుచున్నది. ఆ మాసమున శ్రీసిటీ కర్మాగారములవారు పరీక్షార్థులకు రాత్రి షిఫ్టు తప్పింపవలెను.