చదివే ఉద్యోగికి సెలవేదీ?

ఏటా జనవరి, జులై సెషన్లలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ప్రవేశాలకు దరఖాస్తు చేసేవారిలో ఉద్యోగులు పెద్ద సంఖ్యలో ఉంటారు. సెకండరీ గ్రేడ్ టీచర్లు, సచివాలయ సిబ్బంది, బ్యాంకు క్లర్కులు, ఐటీ కంపెనీల్లో నైట్ షిఫ్టు చేసేవారు ఎంఏలోనో ఎంకాంలోనో ఎంబీఏలోనో చేరతారు. కొందరికి పదోన్నతి కావాలి. కొందరికి జూనియర్ లెక్చరర్ పోస్టుకు అర్హత కావాలి. పెళ్లితోనో, తండ్రి అనారోగ్యంతోనో మధ్యలో ఆగిపోయిన చదువును ఎలాగైనా పూర్తి చేయాలన్నది ఇంకొందరి పట్టుదల. ఫీజు ఎంత, పుస్తకాలు ఎప్పుడొస్తాయి, సెంటర్ ఎక్కడ అని అందరూ అడుగుతారు. చదవడానికి ఎన్ని గంటలు పడుతుందని అడిగేవారు అరుదు.

జవాబు ప్రాస్పెక్టస్‌లోనే ఉంది. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల పీజీ అంటే 2,400 గంటలు. రెండేళ్లలో పూర్తి చేయాలంటే వారానికి 23 గంటలు, అంటే ఆదివారం కూడా కలుపుకొని రోజుకు మూడు గంటల పైచిలుకు. చట్టం అనుమతించే 48 గంటల పనివారానికి దీన్ని కలిపితే 71 అవుతుంది. మెట్రోలో, సిటీ బస్సులో, పల్లె బడికి వెళ్లే షేర్ ఆటోలో గడిచే సమయం ఇందులో లేదు. పైగా 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ, వారపు పరిమితిని అలాగే ఉంచి, రోజు పనిగంటలను పదికి పెంచే దారి పట్టాయి. పది గంటలు పనిచేసి ఇల్లు చేరిన మనిషి ఆ రాత్రి పుస్తకం తెరవగలడా అన్న ఆలోచన ఆ నిర్ణయాల్లో ఎక్కడా కనిపించదు.

మహిళా ఉద్యోగి పరిస్థితి ఇంకా కఠినం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్క్ అయ్యాక ఆమెకు మిగిలేది నిద్రపోవాల్సిన సమయమే. మన దూరవిద్య చాలావరకు ఆ నిద్ర మీదే నడుస్తోంది.

ఈ వ్యవస్థను ప్రారంభించినవారి ఉద్దేశం గొప్పది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డే 1985లో ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. కాలేజీ గడప తొక్కే వీలులేనివారి ఇంటికి చదువును చేర్చాలన్న సంకల్పం ఈ నేల మీద బలంగా నాటుకుంది. చదువు ఇంటికి చేరింది. దాన్ని చదివే తీరిక మాత్రం చేరలేదు.

పరీక్షల సంగతే చూడండి. ఇగ్నో సెషన్ ముగింపు పరీక్షలు జూన్, డిసెంబర్ నెలల్లో వారాల తరబడి జరుగుతాయి. ఎక్కువగా మామూలు పనిదినాల్లోనే, ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. ఆదివారాలు క్లాసులకు పనికొచ్చినప్పుడు పరీక్షలకు ఎందుకు పనికిరావో వివరించాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానిదే. టీచర్లకు జూన్ మరీ గడ్డుకాలం. బడులు తెరిచేదీ, కొత్త పిల్లల్ని చేర్చుకునేదీ, పాఠ్యపుస్తకాలు పంచేదీ అప్పుడే. ఏడాదిలో ఉన్న 15 క్యాజువల్ లీవుల్లో సగం పరీక్షలకే పోతే, పిల్లాడికి జ్వరం వచ్చిన రోజున ఆ టీచర్ ఏం చేయాలి? ప్రైవేటు ఉద్యోగికి ఆ పదిహేను కూడా దిక్కులేదు. పరీక్షకని చెబితే ‘ఉద్యోగం మీద ధ్యాస లేదు’ అన్న ముద్ర పడుతుందని ఒంట్లో బాగోలేదని చెప్పి వెళ్లేవారున్నారు. చదువుకుంటున్న సంగతిని దాచుకోవాల్సి రావడం సమాజానికే అవమానం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు తర్వాత, షరతులకు లోబడి, మొత్తం 24 నెలల వరకు అధ్యయన సెలవు ఇచ్చే నిబంధన ఉంది. ఉద్యోగానికి దూరంగా వెళ్లి చదివేవారికి రెండేళ్లు ఇవ్వగలిగిన ప్రభుత్వం, ఉద్యోగం వదలకుండా చదివేవారికి పరీక్షల కోసం ఏడాదికి ఎనిమిది రోజులు ఇవ్వలేదా? వేతనంతో కూడిన విద్యా సెలవుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే ఒప్పందం చేసింది. భారత్ దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో ఏడాదికి అయిదు రోజుల విద్యా సెలవు ఉద్యోగి హక్కు.

ఇష్టపడి చేరినవారి భారం యాజమాన్యం ఎందుకు మోయాలన్న వాదన ఉంది. చిన్న దుకాణం, పదిమంది పనిచేసే వర్క్‌షాపు విషయంలో అది న్యాయమైన వాదనే. అక్కడ ప్రభుత్వ సాయం ఉండాలి. కానీ పెద్ద సంస్థలు, బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు ఈ మాట అనడం సరికాదు. ఉద్యోగి నేర్చుకున్న గణాంక శాస్త్రం, చట్టం, మనస్తత్వ శాస్త్రం మర్నాడు ఆ కార్యాలయంలోనే పనికొస్తాయి. పదోన్నతికి పీజీ అడిగేదీ, దాన్ని సంపాదించడానికి ఒక్క పూట ఇవ్వనిదీ ఒకే శాఖ అయినప్పుడు భారం ఎవరు మోయాలన్న ప్రశ్నకు జవాబు తేలికే.

సమయం ఇవ్వకపోవడం వల్ల జరిగే అసలు నష్టం చదువుకే. ఇగ్నోలో చాలా కోర్సుల్లో 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లవి. రాసి సమర్పించి, లోపాలు తెలుసుకొని దిద్దుకోవడానికి పెట్టిన ఏర్పాటది. గడువు ముంచుకొచ్చేసరికి చాలామంది రెడీమేడ్ జవాబులు కొని కాపీ చేస్తున్నారు. పరీక్షకు ముందు వారం గైడు చదివి 40 మార్కులతో గట్టెక్కుతున్నారు. వాళ్లని తప్పుపట్టి ఊరుకోవడం సులువు. వారానికి 23 గంటల చదువుకు నాలుగు గంటలే దొరికే మనిషి చేసేది అదే. ఆ డిగ్రీని చూసి ‘దూరవిద్యే కదా’ అని పెదవి విరిచేదీ మళ్లీ ఆ యాజమాన్యాలే. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో స్పష్టం చేసింది. ఇంటర్వ్యూ గదిలో ఆ సమానత దక్కాలంటే చదువు నిజంగా జరగాలి.

చేరబోయేవారికీ ఒక మాట. కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూశాకే ఫీజు కట్టండి. రెండేళ్ల పీజీకి ఇగ్నో నాలుగేళ్ల దాకా గడువిస్తుంది. దాన్ని వాడుకోవడం వెనకబడటమని చాలామంది సిగ్గుపడతారు. మూడేళ్లకు విస్తరిస్తే వారానికి 15 గంటలు, నాలుగేళ్లకైతే 12లోపే. ఉద్యోగం, సంసారం ఉన్న మనిషి నిజాయితీగా చదవగలిగిన వేగం అదే. సగం పేపర్లు ఈ సెషన్‌లో, మిగతావి వచ్చే సెషన్‌లో రాయండి. అసైన్‌మెంట్ మాత్రం మీ చేత్తో మీరే రాయండి.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. దూరవిద్యలో చదివే ప్రతి ఉద్యోగికీ హాల్‌టికెట్ చూపితే పరీక్ష రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. పరీక్షలను సెలవు దినాలకు మార్చమని విశ్వవిద్యాలయాలను ఆదేశించాలి. తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని దేశానికిచ్చిన తెలుగు రాష్ట్రాలు ఈ ఉత్తర్వును తమ సొంత ఉద్యోగులతో మొదలుపెట్టాలి.