మత్తడి కింద వల వద్దు
మృగశిర కార్తె నాడు జమ్మికుంటలో చేపల కూర వండని ఇల్లు అరుదు. తినాల్సిందే, అది మన ఆనవాయితీ. నా బాధ ఆ తర్వాతి నెలల గురించి. చెరువు మత్తడి దుంకగానే కడుపు నిండా గుడ్లతో చేపలు కొత్తనీటికి ఎదురెక్కుతాయి. సరిగ్గా అక్కడే దోమతెరలు కట్టి వేలెడంత పిల్లను కూడా ఊడ్చేస్తున్నారు. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. ఎర్రెర్రని పిల్లల గుంపును కాస్తూ అది కిందే తిరుగుతుంది. ఆ గుంపును ఆనవాలు పట్టే దాన్ని పొడుస్తారు. ఇంతకన్నా అన్యాయం ఉందా? తూర్పు తీరంలో మరబోట్ల వేటను ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు ఆపుతున్నారు. అంత సముద్రానికే విరామం అవసరమైతే మన చెరువులకు అక్కర్లేదా? మత్స్య సహకార సంఘాల అన్నలారా, ఈ వానాకాలం మొదటి రెండు నెలలు మత్తడి కింద వల వేయొద్దని మీరే తీర్మానం చేయండి.