విత్తనపు కాయలు - ఇంటి కంప్యూటరు

యాంటీవైరస్ కొన్నామన్న ధీమాతో ఇంటి కంప్యూటరులో అప్‌డేట్లను ఆపివేయడం అవివేకం. 2017 మే నెలలో ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాం 150 దేశాలలో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. నాడు అనంతపురానికి పొరుగుజిల్లా అయిన చిత్తూరులో పోలీసు కంప్యూటర్లు సైతం దానికి చిక్కాయి. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది! దొంగ ప్రతులు వాడేవారి సంగతి వేరే చెప్పాలా?

అయినా ఏ రక్షణా సంపూర్ణం కాదు. కరవుసీమలో వేరుశనగ రైతు విత్తనానికి ఉంచుకొన్న కాయలను అమ్మకపు కాయలలో కలపడు; విడిగా దాస్తాడు. పొలం పత్రాలకు, పిల్లల మార్కుల జాబితాలకు, ఛాయాచిత్రాలకు అటువంటి రెండవ ప్రతి ఉండాలి. ఆ ప్రతి ఉన్న డిస్కును పని ముగియగానే కంప్యూటరు నుండి వేరుచేయాలి. తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది.