నర్సింగ్ తరగతిలో ఆటలెందుకు?

నర్సింగ్ విద్యార్థులు తరగతిలో కార్డులు పంచుకొని ఆడుతున్నారని విని, “ఫీజులు కట్టి పంపింది చదువుకోవడానికి కదా, ఈ ఆటలేమిటి?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. అయినా ఆటలు ఉండాలనే మేము అంటాము.

జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సిరప్ సంగతి చూడండి. ఒక సీసాలో 5 మి.లీ.కి 125 మి.గ్రా. మందు ఉంటే, మరో సీసాలో 250 మి.గ్రా. ఉంటుంది. 10 కిలోల బిడ్డకు డాక్టరు 150 మి.గ్రా. రాస్తే మొదటి సీసా నుండి 6 మి.లీ., రెండవ సీసా నుండి 3 మి.లీ. ఇవ్వాలి. సీసా చూసుకోకపోతే మోతాదు రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది.

ఈ లెక్క పుస్తకంలో సులువే. వార్డులో ఒక పక్క బిడ్డ ఏడుస్తూ, మరో పక్క ఎవరో పిలుస్తూ ఉంటే తడబాటు వస్తుంది. అందుకే బిడ్డ బరువు ఒక కార్డు మీద, సీసా వివరం ఇంకొక కార్డు మీద, డాక్టరు చీటీ వేరొక కార్డు మీద రాసి, జట్లుగా లెక్క తేల్చమంటాము. అక్కడ తప్పు చేస్తే పోయేది ఒక మార్కు. ఏ బిడ్డకూ హాని జరగదు.

ఇది కొత్త వింతేమీ కాదు. ఆగిన గుండెను ఛాతీ నొక్కి తిరిగి ఆడించడం నేర్పే ‘రెసస్సి ఆన్’ బొమ్మను 1960లో తయారు చేసిన నార్వే దేశస్థుడు ఆస్మండ్ లేర్డాల్ అసలు ఆటబొమ్మల తయారీదారు. నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కడం చదివితే వచ్చేది కాదు, చేతులకు అలవాటు కావాలి.

అయితే గడియారం పెట్టి, ముందు చెప్పినవారికే బహుమతి ఇచ్చే ఆట మాకు నచ్చదు. మందు కొలవడంలో తొందర కూడదు. “సిస్టర్, ఈ అంకె సరిగా కనబడడం లేదు” అని ఆగి అడిగినవారికే ఎక్కువ మార్కులు రావాలి. ఆట తరువాత తప్పొప్పుల గురించి మాట్లాడుకోకపోతే అది కాలక్షేపమే. రోగి మంచం దగ్గర పెద్దల పర్యవేక్షణలో నేర్చుకునేదానికి ఏ ఆటా బదులు కాదు.

మీరూ సహకరించండి. మందు ఇచ్చే ముందు నర్సు ప్రతిసారీ పేరు అడిగితే విసుక్కోకండి. అది మీ క్షేమం కోసమే. ఇంట్లో సిరప్ సీసా మారితే పాత కొలతతో పోయకండి, ముందు మమ్మల్ని అడగండి.